పెరట్లో నాపరాళ్ళు, మా అమ్మ పల్నాడు

దసరా అయిపోయాక పెరట్లో టైల్స్ వేయిద్దామని మేస్త్రీని పిలిపించాను. గుంటూరులో మాది పాత ఇల్లు, వంటింటి వెనక పంపు దగ్గర నుంచి ప్రహరీ గోడ దాకా అంతా నాపరాళ్ళే పరిచి ఉంటాయి, కొన్ని బూడిద రంగు, కొన్ని కాస్త నీలం, ఒకటి రెండు లేత ఆకుపచ్చ, కడిగినప్పుడు ఆ రంగులన్నీ బయటికొస్తాయి, ఆరిపోతే మళ్ళీ అన్నీ ఒకటే రంగు. అంచులు అరిగిపోయినాయి, వానాకాలం నాచు పట్టి జారుతుంది, అమ్మకి డెబ్బై దాటినాయి కదా ఎక్కడ పడిపోతుందో అని నా భయం. మేస్త్రీ పలుగు పెట్టి మొదటి రాయి లేపబోతుంటే అమ్మ లోపల్నుంచి గబగబా వచ్చేసింది.

"పగలగొట్టమాకయ్యా, అది మా నాయన వేయించిన రాయి."

"ఇప్పుడు ఎవరూ ఉంచుకోవట్లేదమ్మా ఇవి, మొత్తం తీసేసి టైల్ వేసుకుంటే నీటుగా ఉంటది" అన్నాడతను.

"నీటుగా ఉండకపోయినా పర్లేదు. మా పల్నాడు రాయి అది, నే పోయినాక తీసుకోండి" అంది. ఇంక అతను పలుగు పక్కన పెట్టేశాడు.

అమ్మది కారంపూడి దగ్గర చిన్న ఊరు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పుడు పెరడంతా మట్టేనంట, వానొస్తే బురదలో గిన్నెలు తోముకునేదంట, అది చూసి వెళ్ళిన తాతయ్య తర్వాత నెలలో లారీకి రాళ్ళు ఎత్తించి పంపించాడంట. ఈ మాట నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను పుట్టినకాడి నుంచి నడిచిన రాళ్ళు అవి. ఆ రాత్రి కూర్చుని తన ఊరి గురించి చెప్తానే ఉంది, చివరికి "కార్తీక అమావాస్యకి కారంపూడి తిరునాళ్ళు, ఒకసారి తీసుకుపోవే" అంది. సరే అన్నాను. ఆ ప్రయాణం గురించి, దాని కోసం నేను చదువుకున్నదాని గురించే ఈ పోస్ట్ అంతా, కొంచెం పెద్దదైంది.

ముందుగా ఒక మాట చెప్పాలి. గుంటూరులో పల్నాడు అనగానే జనానికి గుర్తొచ్చేది గొడవలు, నాటు బాంబులు, ఎండ. ఆఫీసులో నేను కారంపూడి వెళ్తున్నా అంటే "జాగ్రత్త" అన్నారు ఇద్దరు. నాకు నిజంగా బాధేసింది. మనం తొక్కే బండ అక్కడిది, మన గోడకి వేసిన సున్నం అక్కడిది, గుంటూరు మిరపకాయ అని ప్రపంచమంతా చెప్పుకునేదాంట్లో ఎంతో పంట అక్కడి నల్లరేగడిలో పండి లారీల్లో మన యార్డుకి వచ్చేదే, అయినా ఆ సీమ గురించి మనకి తెలిసింది మాత్రం టీవీలో ఎలక్షన్ అప్పుడు చూసిందే.

మ్యాప్ పెట్టుకుని చూస్తే పల్నాడు ఒక గిన్నెలాగా ఉంటది. ఉత్తరాన కృష్ణ, నది దాటితే తెలంగాణ. పడమర నల్లమల కొండలు కృష్ణ దాకా వచ్చి ఆగుతాయి. దక్షిణాన వినుకొండ వైపు మళ్ళీ కొండలు. మధ్యలో ఉన్న గిన్నె అడుగంతా సున్నపురాయే, కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు బురద గట్టిపడి రాయైంది. పొరలు పొరలుగా పేరుకుంది కాబట్టే సమ్మెట, ఉలి ఉంటే చాలు పలకలు పలకలుగా లేస్తది, అదే మన నాపరాయి. కడప జిల్లా నుంచి ఇక్కడిదాకా ఒకటే రాతి కుటుంబం, అందుకే జియాలజీ వాళ్ళు దీన్ని కడప బేసిన్‌లో భాగంగా లెక్కేస్తారు, ఈ సున్నపురాయికి పేరు కూడా కడప జిల్లాలో ఉన్న నార్జి అనే ఊరి మీద పెట్టారు. నల్లమల కొండల రాయి వేరు, గట్టిది, ఎన్ని వానలకీ తొందరగా అరగదు, గిన్నెలో ఉన్న సున్నపురాయి మాత్రం వాన నీళ్ళకి మెల్లగా కరుగుతది. ఈ ఒక్క ముక్క అర్థమైతే పల్నాడులో మిగతావి చాలా అర్థమవుతాయి అని నాకనిపించింది.

పేరు గురించి తలా ఒక మాట చెప్తారు. పల్లవుల నాడు అని కొందరు, తెల్లటి రాళ్ళుండబట్టి పాలనాడు అని కొందరు. అమ్మ మాత్రం రెండోదే కరెక్ట్ అంటది.

మాచర్ల ప్యాసింజర్ ఎక్కాం. సత్తెనపల్లి దాటే వరకూ కిటికీలోంచి కనపడేది మన గుంటూరు లాగానే ఉంటది, పత్తి, మిరప, నల్ల నేల. బెల్లంకొండ దాటినాక కొండలు దగ్గరికొస్తాయి, నేల రంగు మారుతది, చేల గట్లు మట్టివి పోయి రాతివి వస్తాయి. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని "అదిగో, అదిగో" అని నా చెయ్యి పట్టుకుంటానే ఉంది. నిలువుగా పాతిన నాపరాళ్ళ దడి, దాని వెనక గొడ్ల చావిడి, చావిడికి పైకప్పు కూడా పలకలే. అమ్మ వాళ్ళ ఇంట్లో గోడ రాయి, కప్పు రాయి, అరుగు రాయి, గొడ్లకి కుడితి పోసే తొట్టి రాయి. ఇటుక కొనే పని లేదు, కింద తవ్వితే ఇల్లు వచ్చేది అంటది.

పిడుగురాళ్ళలో దిగాం. ఊరి చుట్టూ సున్నపు బట్టీలు, ఎటు చూసినా ఒక తెల్లటి పొగమంచు లాంటిది, చెట్ల ఆకులు కూడా తెల్లగానే ఉన్నాయి. బట్టీలో రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస పేర్చి కింద నుంచి కాలుస్తారు, దాదాపు 900 డిగ్రీల వేడికి రాయిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుద్ది, ఆ సున్నం మీద నీళ్ళు పోస్తే బుసబుసా పొంగి వేడెక్కిపోద్ది. ఆ దుమ్ములో పని చేసేవాళ్ళని చూస్తే ముక్కుకి ఒక గుడ్డ తప్ప ఏమీ లేదు, ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని బట్టీ పైకి ఎక్కుతున్నారు. మన ఇళ్ళల్లో సంక్రాంతికి తెల్లగా మెరిసే గోడల వెనక ఆ ఊపిరితిత్తులు ఉన్నాయి. దీని గురించి ఎవరైనా గట్టిగా పట్టించుకోవాలి, కనీసం మంచి మాస్కులు, ఆరునెలలకొకసారి ఛాతీ ఎక్స్‌రే, ఇవేం పెద్ద ఖర్చు కాదు.

బస్సులో కారంపూడి వెళ్ళే దారిలోంచి పక్కకి పోతే గుత్తికొండ బిలం ఉంది. అమ్మ చిన్నప్పుడు నడిచి వెళ్ళిందంట, మేం ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. కొండలోకి సొరంగం లాగా దారి, లోపల చీకటి, వంగి వంగి వెళ్తే నీళ్ళు తగులుతాయి, చల్లగా, అద్దంలాగా ఉంటాయి. వాన నీళ్ళు గాల్లోంచీ మట్టిలోంచీ కొంచెం పులుపు పట్టుకుని సున్నపురాయి పగుళ్ళలోకి దిగుతాయి, వేలాది ఏళ్ళు అట్టా కరిగించుకుంటూ పోతే కొండలో గుహ అయిద్ది. గురజాల దగ్గర కృష్ణ ఒడ్డున దైద బిలం కూడా ఇట్టాంటిదే, లోపల అమరలింగేశ్వరుడు. గుత్తికొండకి కథలు చాలా ఉన్నాయి, ముచికుందుడు నిద్రపోయింది ఇక్కడే అంటారు, పల్నాటి యుద్ధం అయిపోయాక బ్రహ్మనాయుడు ఈ బిలంలోకి వెళ్ళి మళ్ళీ కనపళ్ళేదు అంటారు. అమ్మ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పింది, లోపల ఆయన ఇంకా ఉన్నట్టే.

పైన నేల మీద నీళ్ళు నిలవని చోట అడుగున ఇంత నీరు దాగి ఉండటం నన్ను చాలాసేపు వదల్లేదు. రాయి పగుళ్ళలోంచి నీళ్ళన్నీ కిందికి జారిపోతాయి కాబట్టే పల్నాడులో చెరువు కష్టం, బావి కష్టం. బావి పడినా ఆ నీళ్ళు సున్నం కలిసి గట్టిగా ఉంటాయి, కందిపప్పు ఎంతసేపు ఉడకబెట్టినా ఉడకదు, కాచిన గిన్నెకి తెల్లటి పొర పడుద్ది. అందుకే సాగర్ కాలవ రాకముందు వరి లేదు, జొన్న, సజ్జ. శ్రీనాథుడి పేరు మీద ఒక చాటువు ప్రచారంలో ఉంది కదా, రాళ్ళూ, నాగులేటి నీళ్ళూ, జొన్నకూడూ, తేళ్ళూ అని ఈ సీమని ఈసడించింది. స్కూల్లో మాకు మాస్టారు అది చెప్పి క్లాసంతా నవ్వారు, ఇంటికొచ్చి అమ్మకి చెప్తే తను నవ్వలేదు. "ఆయనకి అన్నం పెట్టింది కూడా ఆ జొన్న పండించినోళ్ళే కదా" అంది. పద్యం అందంగానే ఉంటది, ఆ సీమని చూడకుండా నవ్వడమే నాకిప్పుడు తప్పుగా అనిపిస్తది.

కారంపూడిలో నాగులేరు ఒడ్డున వీరుల గుడి. నేను గుడి అంటే గోపురం ఊహించుకున్నా, కానీ ఇక్కడ పూజ చేసేది ఆయుధాలకి. యుద్ధంలో పోయిన వీరుల పేరున ఉన్న ఆయుధాలని ఏడాదికోసారి బయటికి తీసి, ఏట్లో స్నానం చేయించి, ఊరేగిస్తారు. ఐదు రోజులు జరుగుద్ది, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని రోజుకో పేరు, యుద్ధం కథ ఏ వరసలో నడిచిందో ఆ వరసని గుర్తుచేసుకుంటూ. ఈ వీరుల్ని కొలిచే వీరాచారం ఉన్న కుటుంబాలు దూరం దూరం నుంచి తమ ఆయుధాలు పట్టుకుని వస్తారు. డప్పుల మోతకి నా గుండె అదిరింది, అమ్మ మాత్రం జనంలోకి నేరుగా దూసుకుపోయింది, నేను కొంగు పట్టుకుని వెనక నడిచా.

కథ తెలిసిందే అయినా క్లుప్తంగా చెప్తా. 12వ శతాబ్దం చివర్లో గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, ఇద్దరూ అన్నదమ్ములే, తల్లులు వేరు. అటు మంత్రి నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిపోయి మలిదేవుల పక్షం ఏడేళ్ళు అడవులు పట్టింది, గడువు తీరినాక రాజ్యం అడగడానికి వెళ్ళిన అలరాజుని విషం పెట్టి చంపారు, ఆ తర్వాత కారంపూడి దగ్గర యుద్ధం, బాలచంద్రుడితో సహా చాలామంది వీరులు పోయారు. చిన్నప్పుడు విన్నప్పుడు ఇదంతా కోడిపుంజుల గొడవ అనుకున్నా. ఇప్పుడు ఆ నేల మీద నిలబడి చూస్తే వేరేగా అర్థమైంది. నీళ్ళు తక్కువ, పంట తక్కువ, ఉన్న ఆస్తి ఆవుల మందలు, ఆ మందలకి కావాల్సింది అడవి, ఏరు. అడవులు పట్టినోళ్ళు ఏడేళ్ళు బతికింది కూడా మందల మీదే. గిన్నె లాంటి చోట ఇద్దరు రాజులు పట్టడం కష్టం, ఇది నా ఊహే, చరిత్ర చదివినోళ్ళు ఒప్పుకుంటారో లేదో.

మందపోరు రోజు చాపకూడు అని పెడతారు. చాపలు వరసగా పరిచి కులం అడక్కుండా అందరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకటే అన్నం. బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడంటారు, మాల కులానికి చెందిన కన్నమదాసుని కొడుకులాగా చూసుకుని సేనకి నాయకుణ్ణి చేశాడు కూడా. ఎనిమిది వందల ఏళ్ళ కింద ఆ ఆలోచన చేసినోళ్ళున్న నేల ఇది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఎవరో, నా విస్తరిలోకి తన విస్తరిలో పచ్చడి కొంచెం తీసి వేసి "తిను తల్లీ, గుంటూరు పిల్లవి, కారం తక్కువ తింటారేమో" అంది. గుంటూరోళ్ళు కారం తక్కువ తింటారని నాతో అన్న మనిషి ఆవిడొక్కతే.

తెల్లారి దుర్గి వైపు వెళ్ళే బస్సులో అమ్మ కన్నెగంటి హనుమంతు గురించి ఎత్తింది. అడవిలో పశువులు మేపుకోవాలన్నా, కట్టెలు తెచ్చుకోవాలన్నా బ్రిటిష్ వాళ్ళు పుల్లరి అని పన్ను వేశారు, 1921లో సహాయ నిరాకరణ ఊపులో పల్నాడు రైతులు కట్టం అన్నారు, అధికారులు వస్తే ఊళ్ళల్లో తిండి నీళ్ళు ఇవ్వలేదు, మంగలి చాకలి కూడా పని చేయలేదు. 1922 ఫిబ్రవరి 22న మించాలపాడు దగ్గర పోలీసులు హనుమంతుని కాల్చేశారు. దాహం అని అడిగితే నీళ్ళు కూడా ఇవ్వనీయలేదని అమ్మ వాళ్ళ నాయనమ్మ చెప్పేదంట. చూడండి, ఏడు వందల ఏళ్ళ తర్వాత కూడా గొడవ అదే, అదే అడవి, అవే మందలు, అదే నీళ్ళ గుక్క.

మాచర్లలో చంద్రవంక ఒడ్డున చెన్నకేశవస్వామి గుడి చూసుకుని, ఎత్తిపోతల జలపాతానికి వెళ్ళాం. చంద్రవంక కొండ అంచు నుంచి దాదాపు 70 అడుగులు దూకుద్ది, ఆ అంచులో రాతి పొరలు పుస్తకం పేజీల్లాగా కనపడతాయి, మా పెరట్లో రాళ్ళు ఎట్టా లేచాయో అక్కడ చూస్తే తెలుస్తది. అక్కడ నుంచి నాగార్జునసాగర్.

సాగర్ దగ్గర నాకు రెండు రకాలుగా అనిపించింది. నీళ్ళ కింద విజయపురి ఉంది, మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ. వాశిష్ఠీపుత్ర శాంతమూలుడు, వీరపురుషదత్తుడు ఏలిన ఊరు, ఆ ఇంటి ఆడవాళ్ళు, ముఖ్యంగా శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ, బౌద్ధ కట్టడాలకి దానాలు ఇచ్చినట్టు రాతి మీదే రాసి ఉంది. 1926లో ఈ శిథిలాలు బయటపడ్డాయి, డ్యామ్ వస్తుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా హడావిడిగా తవ్వి, తీయగలిగినవి నాగార్జునకొండ మీదకీ, ఒడ్డున ఉన్న అనుపుకీ మార్చారు. మిగిలింది మునిగిపోయింది. లాంచీలో కొండ మీద మ్యూజియంకి వెళ్తే లేత ఆకుపచ్చ రాయి మీద చెక్కిన బొమ్మలు, ఏనుగులు, రాజులు, బుద్ధుడు, ఆడవాళ్ళ నడుము మీద మడత కూడా కనపడుద్ది. నేను దగ్గరికెళ్ళి రాయినే చూశా. ఆ రంగు నాకు తెలుసు. మా పంపు దగ్గర రెండో వరసలో ఉన్న బండ రంగు.

అమరావతి స్తూపం శిల్పాలు కూడా ఈ పల్నాడు సున్నపురాయే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన వాటిలో చాలా లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, వాటిని మార్బుల్స్ అని పిలిచారు, పేరుకే గానీ పాలరాయి కాదు, మన నాపరాయికి అన్న. కృష్ణ పక్కనే కాబట్టి నది మీదే దింపుకుని ఉంటారని నాకనిపిస్తది. సన్నటి రాయి, మరీ గట్టిగా ఉండదు, ఉలికి లొంగుద్ది, అందుకే అంత నాజూకు పని సాధ్యమైంది.

రెండో సంగతి డ్యామ్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు. 124 మీటర్ల ఎత్తు, రాతి కట్టడం, ఎక్కువ భాగం మనుషులు చేతులతో రాయి మోసి కట్టిందే. కుడి కాలవకి జవహర్ కాలవ అని పేరు. ఆ నీళ్ళు ఊరికి వచ్చినప్పుడు అమ్మ బడికెళ్ళే పిల్ల. ఊరు ఊరంతా కాలవ గట్టు మీదకి పోయి పసుపు కుంకుమ వేశారంట, వాళ్ళ నాయనమ్మ ఆ నీళ్ళు దోసిట్లో పట్టుకుని నెత్తిన చల్లుకుందంట, తర్వాత రెండేళ్ళకి ఇంట్లో మామూలు రోజున కూడా వరన్నం వండారు. అది చెప్తూ అమ్మ ఏడ్చింది. మునిగిన విజయపురి గురించి నేను అప్పటిదాకా చాలా బాధపడుతున్నా, అమ్మ మాట విన్నాక నోరు రాలేదు.

కానీ కాలవ కంటే ఎత్తున ఉన్న ఊళ్ళకి ఆ నీళ్ళు ఎక్కవు. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు కృష్ణ అంత దగ్గరగా ఉండి కూడా వాన మీదే బతకాలి. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం గురించి దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు, ప్రతి ఎలక్షన్‌లో వినపడే పేరే. బస్సులో మా పక్కన కూర్చున్న రైతు "నీళ్ళొస్తే మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వస్తానన్నాడమ్మా" అని చెప్పి కిటికీ వైపు తిరిగాడు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేట హెడ్‌క్వార్టర్స్. అమ్మ లెక్కలో అసలు పల్నాడు అంటే పాత తాలూకా, గురజాల, మాచర్ల, కారంపూడి, ఆ గిన్నె. నరసరావుపేట పల్నాడు ఎట్టా అయిద్దే అని అడుగుతానే ఉంటది. పేరు మాత్రం గుంటూరు నీడలోంచి బయటికొచ్చినందుకు సంతోషపడింది.

తిరుగు ప్రయాణంలో రెంటచింతల స్టేషన్‌లో రైలు ఆగితే చలికాలంలో కూడా ఎండ చుర్రుమంది, వేసవిలో రాష్ట్రంలోనే ఎక్కువ వేడి అని టీవీలో వచ్చేది ఈ ఊరి పేరే. అమ్మ చీర కొంగులో ఏదో మూటకట్టుకుని ఉంది, ఏంటని చూస్తే నాగులేటి దగ్గర ఏరుకున్న నాలుగు చిన్న పలకలు.

మేస్త్రీకి ఫోన్ చేశాను. రాళ్ళన్నీ జాగ్రత్తగా లేపి, కింద ఇసుక సర్ది, మళ్ళీ అవే పరిచి, జారకుండా పైన ఉలితో గాట్లు పెట్టమన్నాను. రెండు రోజుల పని అన్నాడు, నాలుగు రోజులు పట్టింది. పంపు పక్కన చిన్న సందు మిగిలితే అమ్మ ఆ నాలుగు పలకలూ అక్కడ వేయించుకుంది. ఫిబ్రవరి 22కి మించాలపాడు పోవాలంట, ఇప్పట్నుంచే చెప్తోంది.